పంక్తిలో చోటు

మొన్న సంక్రాంతికి మా మేనకోడలు సత్తుపల్లి వచ్చింది. హైదరాబాదులో ఓ పెద్ద లా ఫర్మ్‌లో జూనియర్‌గా చేరి ఏడాది కాలేదు. ఆ సంస్థ పేరు చెప్పను లెండి. చెబితే నామీద నోటీసు పంపినా పంపుతారు, పైగా ఆ నోటీసు మా పిల్ల చేతే రాయిస్తారు!

వంటింట్లో అరిసెల పాకం ఉడుకుతోంది. మా అమ్మకి తొంభై ఏళ్లు దగ్గర పడుతున్నా పాకం పరీక్ష మాత్రం ఇంకొకరికి వదలదు. పళ్లెంలో నీళ్లు పోసుకుని, చుక్కవేసి, వేలితో ఉండచేసి చూస్తోంది. అంతలో పిల్ల ఫోను చూసుకుంటూ వచ్చి పీటమీద కూలబడింది.

"అత్తా, ఇది చదువు" అని ఫోను నా చేతికిచ్చింది.

కొత్తగా చేరిన జూనియర్లందరికీ వచ్చే శుక్రవారం సాయంత్రం ఊరి బయట రిసార్టులో విందు. ఆటలు, పాటలు. రాత్రి బస అక్కడే. చివర్న రెండు వాక్యాలు: రావడం తప్పనిసరి కాదు. అయితే అందరూ వస్తారని ఆశిస్తున్నాం.

"చూశావా ఆ 'అయితే'ని! మొదటి వాక్యంలో ఇచ్చిన స్వేచ్ఛని రెండో వాక్యంలో వెనక్కి లాక్కున్నారు. లాయర్లు రాసిన ఉత్తరం మరి" అంది.

మా తమ్ముడు పేపరు పక్కన పెట్టి, "రాత్రి బసేమిటి? వద్దని రాసెయ్" అన్నాడు. మా అమ్మ పాకం మీంచి చూపు తిప్పకుండానే, "కేసులు వాదించుకునే వాళ్లకి ఈ విందులెందుకే?" అంది.

నవ్వేశాం గాని, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ముప్పై ఏళ్లు బళ్లో చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని. పండగ వెళ్లాక నాలుగు పుస్తకాలు తిరగేశాను. తీరా చూస్తే, ఆ విందు వెనక ఆరువందల ఏళ్ల కథ ఉంది. ఆ కథలో మన ఆడవాళ్ల కథ కూడా ఉంది. 

అసలు అంతదూరం వెళ్లకముందు మా ఇంటి అరుగు సంగతి చెప్పాలి.

మా నాన్నగారు వకీలు. మా ప్రాంతంలో పెద్దవాళ్లు వకీలనే అనేవారు, ప్లీడరు అనే మాట తర్వాత వచ్చింది. సత్తుపల్లి నిజాం రాజ్యంలో ఉండేది. ఇటు అడవి దాటి వెళితే భద్రాచలం, అది మద్రాసు రాష్ట్రంలోని తూర్పు గోదావరి జిల్లా కింద. ఇక్కడ కోర్టు కాగితం ఉర్దూలో, అక్కడ ఇంగ్లీషులో. నాన్నగారు మొదట్లో ఉర్దూలోనే దావాలు రాశారు. ఆ తర్వాత ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఇంట్లో మాత్రం చివరిదాకా వకాల్తా, దస్తావేజు, జవాబుదావా అనే మాటలే.

ఖమ్మం కోర్టుకి వెళ్లిన రోజు చీకటి పడ్డాక బస్సు దిగేవారు. కాళ్లు కడుక్కుని అరుగుమీద నులకమంచం వాల్చుకోగానే ముగ్గురు జూనియర్లు వచ్చి చేరేవారు. లాంతరు చుట్టూ పురుగులు, చేతుల్లో విసనకర్రలు. చెరువు తూము తగాదా, గట్టు తగాదా, 1970లో వచ్చిన ఒకటవ రెగ్యులేషన్ కింద ఏజెన్సీ భూముల తగాదా... ఇవన్నీ ఆ అరుగుమీద మళ్లీ ఓసారి నడిచేవి. ఏ సాక్షిని ఏమడగాలి, ఏమడగకూడదు, జడ్జిగారు కళ్లజోడు తీశారంటే ఎప్పుడు ఆగిపోవాలి! ఇవి ఏ లా కాలేజీలోనూ చెప్పరు.

ఆ జూనియర్లకి జీతం లేదు. మా అమ్మ పెట్టే పెసరట్లే జీతం. రోజూ రాత్రి తొమ్మిదింటికి నాలుగు విస్తళ్లు పడేవి. వాళ్లు తింటూ కూడా కేసులే మాట్లాడుకునేవాళ్లు. అంటే, మా ఇంట్లోనూ లా ఫర్మ్ విందు జరిగేదన్నమాట, రోజూ! ఆ సంగతి మాకు తెలియలేదు, అంతే.

ఇక లండన్ సంగతి. అక్కడ బారిస్టరు కావాలంటే నాలుగు పెద్ద సంఘాల్లో ఒకదాంట్లో చేరాలి. లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్. పద్నాలుగో శతాబ్దం నుంచీ ఉన్నాయివి. ఇప్పటి హాస్టళ్లలాగే, న్యాయవాదులూ వాళ్ల శిష్యులూ ఒకేచోట ఉండేవాళ్లు. పెద్ద హాల్లో అందరూ కలిసి తినేవాళ్లు. భోజనాలయ్యాక ఓ పెద్దాయన ఓ చిక్కు సమస్య ఇస్తే కుర్రవాళ్లు అటు కొందరూ ఇటు కొందరూ నిలబడి వాదించేవాళ్లు. అదే వాళ్లకి బడి. విద్యార్థి ఇన్ని పూటలు ఇక్కడ తిన్నాడంటే ఇన్ని పాఠాలు విన్నాడని లెక్క.

1640లలో ఇంగ్లండులో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం వచ్చినప్పుడు ఆ పాఠాలు కాస్తా ఆగిపోయాయి. తర్వాత సరిగా మొదలు కానేలేదు. కాని భోజనాల లెక్క మాత్రం అలాగే ఉండిపోయింది! అసలు పోయి కొసరు మిగలడమంటే ఇదే.

అలా మిగిలిన కొసరు మన గాంధీగారికి తగిలింది. ఆయన 1888లో లండన్ వెళ్లి ఇన్నర్ టెంపుల్‌లో చేరారు. పన్నెండు టర్ములు పూర్తి చెయ్యాలి. టర్ముకి ఇరవైనాలుగు విందులుంటే కనీసం ఆరింటికి హాజరు కావాలి. అంటే తక్కువలో తక్కువ డెబ్భై రెండు విందులన్నమాట. తినకపోయినా ఫరవాలేదు, వేళకి వచ్చి చివరిదాకా కూర్చుంటే చాలు. మాంసం ముట్టనని తల్లికి మాటిచ్చి వచ్చిన కుర్రవాడు ఏం తింటాడు? రొట్టె, ఉడకబెట్టిన బంగాళాదుంప, క్యాబేజీ. అవీ మొదట్లో సయించేవి కావట.

ఆ భోజనాల దగ్గర నలుగురికో జట్టు, జట్టుకి రెండు సీసాల ద్రాక్షసారా. గాంధీగారు తాగరు కనక ఆయన ఉన్న జట్టులో మిగతా ముగ్గురికీ రెండు సీసాలు. దాంతో మా జట్టులోకి రమ్మంటే మా జట్టులోకి రమ్మని ఆయనకి మహా గిరాకీ! ఈ ముచ్చట ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. ఆ తిండి తిన్నంత మాత్రాన బారిస్టరుగా అర్హత ఎలా వస్తుందో తనకి అర్థం కాలేదనీ రాశారు. కాని ఒక పని చేశారు. పైవరస పెద్దల బల్లకి వడ్డించే కూరలు మెరుగ్గా ఉన్నాయని గమనించి, తనలాగే శాకాహారి అయిన ఓ పార్శీ విద్యార్థితో కలిసి, మాకూ అవే పెట్టించండని అర్జీ పెట్టుకున్నారు. అర్జీ మంజూరయింది. 1891 జూన్ 10న బారిస్టరయ్యారు.

నాకీ అర్జీ కథే ఎక్కువ నచ్చింది. విందు మానెయ్యలేదు, ముక్కు మూసుకుని తినెయ్యనూ లేదు. నాకు తగిన భోజనం పెట్టండి, నేనూ కూర్చుంటానన్నారు. దీన్ని కాస్త గుర్తుంచుకోండి.

మన టంగుటూరి ప్రకాశంగారు రాజమండ్రిలో ప్లీడరీ బాగా సాగుతున్న రోజుల్లో, 1904లో లండన్ వెళ్లి, 1907లో బారిస్టరై మద్రాసు వచ్చారు. ఆయనా ఆ విందుల దారిలోంచి నడిచినవారే. ఇప్పుడు అక్కడ ఆ లెక్కలోకి భోజనాలతో పాటు ఉపన్యాసాలూ, శిక్షణ తరగతులూ వస్తున్నాయట. నాలుగువందల ఏళ్లకి కొసరు మళ్లీ అసలు దగ్గరికి వచ్చిందన్నమాట.

మద్రాసులో మనవాళ్లకి ఇంతంత హాళ్లు లేవు గాని, పెద్ద వకీళ్ల ఇళ్లున్నాయి. 1880ల చివర్లో మైలాపూరులో శనివారాలు హైకోర్టు వకీళ్లు కలుసుకునేవారు. దాన్ని సాటర్‌డే క్లబ్ అనేవారు. వెంబాకం భాష్యం అయ్యంగారు, సర్ ఎస్. సుబ్రహ్మణ్య అయ్యరువంటి ఉద్దండులు వచ్చేవారు. ఆ కబుర్లలోంచే 1891లో మద్రాస్ లా జర్నల్ పుట్టింది. వందేళ్లకు పైగా దక్షిణదేశపు వకీళ్ల బల్లలమీద ఉన్న పత్రిక శనివారం కబుర్లలోంచి వచ్చిందంటే చూడండి!

అప్పట్లో జూనియరు పైకి రావాలంటే సీనియరు ఇల్లే గతి. నెల్లూరు జిల్లా పుదూరులో ఓ పేద పూజారి కొడుకు మద్రాసు చేరి పి.ఆర్. సుందరయ్యరు దగ్గర జూనియరయ్యాడు. ఆ కుర్రవాడే తర్వాత రాజ్యాంగం రాసిన ముసాయిదా సంఘంలో కూర్చున్న అల్లాడి కృష్ణస్వామి అయ్యరు. తెలివి ఆయనదే, అందులో సందేహం లేదు. కాని ఆ తెలివిని చూడవలసిన కళ్లు చూసే చోట ఆయన ఉన్నాడు. అది కూడా ముఖ్యం.

మన హైదరాబాదులోనూ ఇలాంటి సాయంత్రం ఒకటుంది. 1921 నవంబరు 12న వివేకవర్ధినీ థియేటరులో సంఘసంస్కరణ సభ జరుగుతోంది. అధ్యక్షుడు స్త్రీవిద్య కోసం జీవితం ధారపోసిన కార్వే పండితుడు. మిగతా భాషల్లో మాట్లాడినవాళ్లని బుద్ధిగా విన్న సభ, అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోయేసరికి గోల చేసింది. ఆ అవమానం మింగుడుపడని కొద్దిమంది ఆ రాత్రే టేకుమాల రంగారావుగారి ఇంట్లో చేరారు. తెల్లవారేలోపల ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ బృందంలోని మాడపాటి హనుమంతరావుగారు వకీలు. బూర్గుల రామకృష్ణారావుగారు తర్వాత వకీలై, 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి కూడా అయ్యారు. ఆ సంఘం పెరిగి 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయింది. మూడవ మహాసభ 1934లో మా ఖమ్మంలోనే జరిగింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సాయంకాలం పూట నలుగురు వకీళ్లు ఒకచోట కూర్చుంటే అది కాలక్షేపం మాత్రమే కాదు. పత్రికలు పుడతాయి, సంఘాలు పుడతాయి. ఎవరికి ఏ కేసు ఇవ్వాలో, ఎవరిని పైకి తేవాలో అక్కడే ఖాయమవుతుంది. మరి ఆ నలుగురిలో కూర్చోలేనివాళ్ల సంగతి?

మనం చాలాకాలం కూర్చోలేదు. కూర్చోబెట్టలేదు.

1916లో రెజీనా గుహ అనే ఆమె లా పాసై కలకత్తాలో వకీలుగా పేరు నమోదు చెయ్యమంది. హైకోర్టు కుదరదంది. చట్టంలో 'వ్యక్తి' అని ఉంది గాని, ఆ వ్యక్తి కిందికి ఆడది రాదట! 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రాకీ అదే జవాబు. అదే ఏడాది అలహాబాదు హైకోర్టు మాత్రం కర్నీలియా సొరాబ్జీని చేర్చుకుంది. చివరికి 1923లో ఓ చిన్న చట్టం చేసి, ఆడదైనంత మాత్రాన వకీలు కాకుండా ఆపకూడదన్నారు. అవతల ఇంగ్లండులోనూ 1919 దాకా ఆడవాళ్లకి ఆ తలుపు మూసే ఉంది. 1923లో బొంబాయి పార్శీ అమ్మాయి మిఠాన్ టాటా లింకన్స్ ఇన్‌లో బారిస్టరైంది. అలా బారిస్టరైన మొదటి భారతీయ స్త్రీ ఆమే.

మద్రాసులో 1929లో బి. ఆనందబాయి మొదటి మహిళా న్యాయవాదిగా చేరారు. 1942లో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి చేరారు. అప్పటికే జైళ్లు చూసి వచ్చిన మనిషి, కోర్టుహాలు చూసి బెదురుతారా? చట్టం తలుపు తీసింది సరే. అరుగుమీద చోటు మాత్రం చట్టం ఇవ్వలేదు. అది ఎవరికి వారే ఇవ్వాలి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పకపోతే ఈ కథంతా అబద్ధమవుతుంది.

1977లో నేను బి.ఏ. పాసయ్యాను. లా చదువుతానన్నాను. నాన్నగారు కోప్పడలేదు. చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "చదివిస్తానమ్మా. కాని ఆ చదువు సగమే. మిగతా సగం రాత్రిపూట సీనియరు అరుగుమీద నేర్చుకోవాలి. చీకటిపడ్డాక నిన్ను ఎవరి అరుగుమీద కూర్చోబెట్టమంటావ్?" అన్నారు.

"మన అరుగుమీదే కూర్చుంటాను నాన్నా" అనాలి నేను. ఆ మాట అప్పుడు తట్టలేదు. తట్టినా అనగలిగేదాన్నో లేదో. బి.ఇడి. చదివి పంతులమ్మనయ్యాను.

ఆ మరుసటి ఏడే, 1978లో, కె. అమరేశ్వరిగారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి మొట్టమొదటి మహిళా న్యాయమూర్తి అయ్యారు. నాన్నగారు ఆ వార్త పైకి చదివారు. మామూలుగా వార్త చదివి ఓ వ్యాఖ్యానం చేస్తారు. ఆ రోజు పేపరు మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. నన్ను ఏమీ అనలేదు. నేనూ ఆయన్ని ఏమీ అనలేదు. ఆయన పోయేదాకా మా ఇద్దరి మధ్యా ఆ విషయం రాలేదు.

సరే, అరుగులు పోయి ఫర్మ్‌లు ఎలా వచ్చాయో చూద్దాం. మనదేశంలో లా ఫర్మ్ కొత్తదేం కాదు. బొంబాయిలో క్రాఫర్డ్ బేలీ 1830 నాటిది. కాని 1956 కంపెనీల చట్టం ప్రకారం ఒక భాగస్వామ్యంలో ఇరవైమందికి మించి ఉండకూడదు. 1991 తర్వాత విదేశీ కంపెనీలు వచ్చాయి, కాగితాలు పెరిగాయి. 2008లో కొత్త భాగస్వామ్య చట్టం వచ్చి ఆ హద్దు పోయింది. అవతల బెంగుళూరులో నేషనల్ లా స్కూలు, 1998లో హైదరాబాదులో నల్సారు పుట్టి, ఇంటర్ అయిన పిల్లలకి ఐదేళ్ల లా చదువు చెబుతున్నాయి. ఊరూ పేరూ తెలియని వందమంది పిల్లలు ఒకేసారి ఒకే అంతస్తులో కూర్చుని పనిచేస్తే, ఎవరు ఎవరో తెలిసేదెలా? అందుకని విందులు, విహారాలు.

ఈ పద్ధతి ముదిరింది అమెరికాలో. అక్కడి పెద్ద సంస్థలు వేసవి సెలవుల్లో లా విద్యార్థుల్ని పిలిచి కొన్ని వారాలు పనిచేయించి చూస్తాయి. పని ఒక వంతు, విందులు రెండు వంతులు. పిల్ల పెళ్లిచూపులే అనుకోండి! ఎవరు ఎవర్ని చూస్తున్నారన్నదే తెలియదు.

అట్లాంటాలో కింగ్ అండ్ స్పాల్డింగ్ అనే పాత సంస్థ ఉంది. 1972లో ఎలిజబెత్ హిషన్ అనే ఆమె అందులో జూనియరుగా చేరింది. ఐదారేళ్లు బాగా పనిచేస్తే భాగస్వామిని చేసుకోవడం మామూలేనని తనకి చెప్పారని ఆమె వాదన. చేసుకోలేదు. అప్పటిదాకా ఆ సంస్థలో ఆడ భాగస్వామి అంటూ లేదు. ఆమె కోర్టుకెక్కింది. భాగస్వాముల్ని ఎంచుకోవడం మా ఇష్టం, అందులో కోర్టుకేం పని అన్నారు వాళ్లు. ఆ కేసు సుప్రీంకోర్టులో ఉండగానే, 1983లో ఆ సంస్థ వేసవి విహారంలో ఏం జరిగిందో పత్రికల్లో వచ్చింది. ఆడ విద్యార్థినులకి తడిబట్టల పోటీ పెట్టాలనుకుని, ఎవరో వద్దంటే, ఈతదుస్తుల పోటీతో సరిపెట్టారట!

చదివి నేను పుస్తకం మూసేశాను. లా చదివిన పిల్లల్ని వరసగా నిలబెట్టి... అదీ, ఆడవాళ్లకి సమానత్వం ఇవ్వలేదని మీమీద కేసు నడుస్తుండగా! విందుల్లో చేటు ఎక్కడుందో ఇంతకంటే ఎవరు చెప్పగలరు? 1984 మే 22న అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా హిషన్ పక్షాన తీర్పిచ్చారు. భాగస్వామిని చేసుకునే అవకాశం చూపించి ఉద్యోగంలోకి తీసుకుంటే, ఆడదని చెప్పి దాన్ని నిరాకరించడానికి వీల్లేదన్నారు.

మనదగ్గరా ఇప్పుడు చట్టం ఉంది. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది, 2013లో పార్లమెంటు చట్టం చేసింది. మన ఆడపిల్లలందరికీ తెలియాల్సిన సంగతి ఒకటి అందులో ఉంది. పనిచేసే చోటు అంటే ఆఫీసు గోడల మధ్య మాత్రమే కాదు. పనికి సంబంధించి వెళ్లిన ఏ చోటైనా, సంస్థ ఏర్పాటు చేసిన కారు కూడా, పనిచేసే చోటే. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలో ఫిర్యాదులు వినే సంఘం ఉండాలి, దానికి ఓ స్త్రీ అధ్యక్షురాలు కావాలి, బయటి మనిషి ఒకరుండాలి. మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు చెయ్యాలి. కనక "అది ఆఫీసు కాదు, సరదాగా కలిశాం" అంటే కుదరదు.

ఇదంతా మా మేనకోడలికి ఫోనులో చెప్పాను. "అవన్నీ నాకు తెలుసత్తా, నేను లా చదివాను" అంది. నిజమే, మర్చిపోయాను!

"మరి వెళతావా, మానతావా?"

"ఏం చెయ్యమంటావు?"

గాంధీగారి అర్జీ కథ చెప్పాను. ఓ నిమిషం మాట్లాడలేదు. మర్నాడు తనే జవాబు రాసింది. విందుకి వస్తాను, రాత్రి ఉండను, పది గంటలకి తిరిగి వెళ్లడానికి బండి ఏర్పాటు చెయ్యండి. తీరా చూస్తే అదే కోరాలని మరో ఆరుగురు ఆడపిల్లలూ ఇద్దరు మగపిల్లలూ ఎదురుచూస్తున్నారట, మొదట ఎవరు రాస్తారా అని. రెండు బళ్లు పెట్టారు.

శుక్రవారం రాత్రి పదకొండు దాటాక ఫోను చేసింది. మా అమ్మ నిద్రపోకుండా కూర్చుని ఉంది.

"ఇంటికొచ్చాను. ఫరవాలేదు, మర్యాదగానే జరిగింది. పాటలు భరించలేకపోయాననుకో. కాని భోజనాల దగ్గర నా పక్కన పెద్ద మేడమ్ కూర్చున్నారు. కబుర్లలో సత్తుపల్లి అంటే, ఏజెన్సీ భూముల కేసుల సంగతి అడిగారు. తాతయ్య కేసుల గురించి నాన్న చెప్పింది చెప్పాను. వచ్చేవారం హైకోర్టులో ఒక భూమి కేసుకి నన్ను తీసుకెళతానన్నారు."

"ఇంకేం! మంచిదేగా?"

"మంచిదే అత్తా. కాని ఆ పని నాకంటే ముందు ఇంకో అమ్మాయికి రావాలి. నాకంటే బాగా రాస్తుంది. దానికి ఏడాది పిల్లాడు, సాయంత్రం ఆరు దాటితే ఉండలేదు. విందుకి రాలేదు. అడగడానికి అది అక్కడ లేదు."

నా దగ్గర జవాబు లేదు. నాలుగు పుస్తకాల్లోనూ లేదు. 1977లో నాకు దొరకని చోటు మా పిల్లకి దొరికిందని పొంగిపోబోతున్నాను, అంతలో అదే చోటు ఇంకో పిల్లకి దొరకలేదని తెలిసింది. పల్లెల్లో జూనియరుకి నెలకి పదిహేను వేలు, పట్నాల్లో ఇరవై వేలు ఇమ్మని 2024లో బార్ కౌన్సిల్ సీనియర్లకి సిఫారసు చేసింది. ఎప్పుడో చెయ్యాల్సిన మంచిపని. కాని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే ఆ రెండో సగాన్ని ఏ సిఫారసు ఇప్పిస్తుంది?

స్పీకరులో అంతా వింటున్న మా అమ్మ నెమ్మదిగా అంది: "మీ తాతయ్య చెరువు తూము కేసు గెలిచాడే, అది ఎవరివల్ల గెలిచాడో తెలుసా? సాక్షి తూము పక్కన మర్రిచెట్టు కింద నిలబడి చూశానన్నాడు. ఆ చెట్టు రెండేళ్లముందే గాలివానకి పడిపోయింది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ తెలుసు, పుల్లలేరుకున్నాం గనక. ఆ రాత్రి పెసరట్టు వడ్డిస్తూ నేను చెప్పాను. చెయ్యి ఆపి నావంక చూశాడు."

"ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదేం నాయనమ్మా?"

"ఎవరడిగారు? నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వినేదాన్ని. కూర్చోమని ఎవరన్నారు?"

ఇరవై ఏళ్లకు పైగా ఆ విస్తళ్లు వేసిన మనిషి, ఒక్కనాడూ ఆ పంక్తిలో కూర్చోలేదు. నేను అరుగు గురించి ఇంత రాశాను గాని, గుమ్మం గురించి నాకూ తట్టలేదు చూడండి!

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత మా పిల్ల, "వచ్చేసారి మధ్యాహ్నం పెట్టమని రాస్తాను అత్తా. ఆఫీసు వేళలో, ఆఫీసులోనే. అందరూ ఉండగా" అంది.

"రాయి" అంది మా అమ్మ. "మొదట్లో 'అయితే' పెట్టకు."